గొర్రెల్లో నట్టల నివారణకు మొక్కల మందులు: ఆధారాలు, పరిమితులు, పరీక్షా విధానం

పరిచయం

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో సుమారు 7.43 కోట్ల గొర్రెలున్నాయి. వాటిలో 1.91 కోట్లు తెలంగాణలోను, 1.76 కోట్లు ఆంధ్రప్రదేశ్‌లోను ఉన్నాయి. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాల్లోనే మేస్తున్నాయి. ఈ మందలకు అంతర పరాన్నజీవుల వల్ల కలిగే నష్టం ఒక్కసారిగా విరుచుకుపడే అంటువ్యాధుల నష్టంలా కంటికి కనిపించదు. పిల్లల ఎదుగుదల కుంటుపడటం, తల్లుల పాలు తగ్గటం, ఈతకూ ఈతకూ మధ్య వ్యవధి పెరగటం, వర్షాకాలంలో రోజుకొకటి చొప్పున జీవాలు రాలిపోవటం ఈ నష్టానికి రూపాలు.

రసాయన మందులు ఒకప్పటిలా పనిచేయటం లేదన్న ఫిర్యాదు కాపరుల నుంచి వినిపిస్తున్నకొద్దీ, వాటికి బదులుగా వేపాకు, మోదుగ గింజ, వాయువిడంగం వంటి వాటిని వాడవచ్చా అన్న ప్రశ్న విస్తరణ శాస్త్రవేత్తల ముందుకు తరచుగా వస్తోంది. ఈ ప్రశ్నకు ‘అవును’ అనో ‘కాదు’ అనో ఒక్క మాటలో సమాధానం చెప్పటం సరికాదు. ఏ మొక్క, ఏ భాగం, ఎంత మోతాదు, ఏ నట్టపై, ఏ పరీక్షలో పనిచేసిందన్న వివరాలు లేకుండా చేసే సిఫారసు వల్ల జీవం ప్రాణానికే ముప్పు రావచ్చు. లభ్యమైన ఆధారాలను పరిశీలించి, మొక్కల మందులకు నట్టల నివారణలో ఉన్న స్థానాన్ని నిర్ణయించటం, మంద స్థాయిలో వాటిని పరీక్షించే పద్ధతిని వివరించటం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రధాన శత్రువు హీమోంకస్

గొర్రెల్లో కనిపించే నట్టలను స్థూలంగా మూడు వర్గాలుగా విభజించవచ్చు. గుండ్రటి పురుగుల్లో హీమోంకస్, ట్రైకోస్ట్రాంగైలస్, పేగు గోడల్లో కణుతులు కలిగించే ఈసోఫేగోస్టోమమ్ ముఖ్యమైనవి. బద్దె పురుగుల్లో మోనీజియా సాధారణం. చెరువులు, కాలువల కింద మేసే మందల్లో కార్జపు జలగలు, పొట్ట జలగలు కనిపిస్తాయి.

వీటిలో మన వాతావరణంలో అత్యధిక నష్టం కలిగించేది హీమోంకస్ కంటార్టస్. ఇది నివసించేది పేగుల్లో కాదు. నాలుగో పొట్ట అయిన అబొమేసంలో. ఒక్కొక్క పురుగు రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్త నష్టానికి కారణమవుతుంది. వెయ్యి పురుగులున్న గొర్రె రోజుకు 50 మిల్లీలీటర్ల రక్తం కోల్పోతుంది. 25 కిలోల గొర్రె శరీరంలో ఉండే రక్తం సుమారు ఒకటిన్నర లీటర్లు మాత్రమే. అంటే నెల రోజుల్లో తన మొత్తం రక్తానికి సమానమైన పరిమాణాన్ని ఆ జీవం పోగొట్టుకుంటుంది. కంటి లోపలి పొర పాలిపోవటం, దవడ కింద నీరు దిగటం ఈ రక్తహీనతకు బాహ్య లక్షణాలు.

ఆడ హీమోంకస్ రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. గుడ్లు పెంటికలతో బయటపడి, తేమ, వెచ్చదనం ఉన్నప్పుడు వారం రోజుల్లోనే సంక్రమణ దశకు చెందిన లార్వాలుగా మారతాయి. అవి మంచు, వాన తడి ఆధారంగా గడ్డి పరకలపైకి పాకి, మేతతో గొర్రె పొట్టలోకి చేరతాయి. సుమారు మూడు వారాల్లో తిరిగి గుడ్లు పెట్టే దశకు వస్తాయి. ఇంత వేగంగా సంతతిని పెంచుకునే జీవిపై పాక్షికంగా పనిచేసే మందు ప్రభావం ఎంతోకాలం నిలవదు. మొక్కల మందులను బేరీజు వేసేటప్పుడు ఈ విషయాన్ని ప్రధానంగా గుర్తుంచుకోవాలి.

రసాయన మందులకు నిరోధకత

బెంజిమిడజోల్ వర్గానికి చెందిన తొలి నట్టల మందు థయాబెండజోల్ 1961లో విడుదలైంది. 1964 నాటికే గొర్రెల హీమోంకస్‌లో దానికి నిరోధకత నమోదైంది. 1981లో మార్కెట్లోకి వచ్చిన ఐవర్‌మెక్టిన్‌దీ కాలక్రమంలో అదే దారి. బెంజిమిడజోల్ మందులు పురుగు కణాల్లోని బీటా ట్యూబులిన్ అనే ప్రోటీనుకు అంటుకొని పనిచేస్తాయి. ఆ ప్రోటీను నిర్మాణంలో 200వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లం మారినా మందు అంటుకోలేదు. అటువంటి మార్పు గల పురుగులు మందు వేసిన తర్వాత కూడా బ్రతికి, వాటి సంతతే మందలో మిగులుతుంది.

ఈ ఎంపికను వేగవంతం చేసేవి మన అలవాట్లే. బరువు తూచకుండా అందాజుగా తక్కువ మోతాదు వేయటం, ఏళ్ల తరబడి ఒకే వర్గం మందును వాడటం, అవసరం ఉన్నా లేకున్నా మంద మొత్తానికీ ఒకేసారి వేయటం వీటిలో ముఖ్యమైనవి. మందు పేరు మారినంత మాత్రాన వర్గం మారదు. ఆల్బెండజోల్‌కు బదులు ఫెన్‌బెండజోల్ వాడటం అదే వర్గాన్ని కొనసాగించటమే. మొక్కల మందు కూడా ఈ నియమానికి అతీతం కాదు. దానిని తక్కువ మోతాదులో పదే పదే వాడితే, దానిని తట్టుకునే పురుగులు కూడా ఎంపిక కావచ్చు.

సంప్రదాయ జ్ఞానాన్ని చదవవలసిన తీరు

ఆయుర్వేదంలో క్రిమిహర ద్రవ్యాలకు సుదీర్ఘ చరిత్ర ఉంది. క్రిమిఘ్న ద్రవ్యాల్లో విడంగాన్ని అగ్రగణ్యంగా చరక సంహిత పేర్కొంది. మోదుగ గింజలు, కంపిల్లకం అనే ఎర్రని కాయపొడి, వేప కూడా ఈ కోవలోనివే. వీటిలోని క్రియాశీల పదార్థాలను ఆధునిక రసాయన శాస్త్రం గుర్తించింది. వాయువిడంగాల్లో ఎంబెలిన్, మోదుగ గింజల్లో పాలసోనిన్, కంపిల్లకంలో రాట్లెరిన్ ఉన్నాయి.

అయితే ఈ ద్రవ్యాలు ప్రధానంగా మనుషుల పేగుల్లోని ఏలిక పాములకు, బద్దె పురుగులకు వాడినవి. మనిషిది ఒకే గది గల పొట్ట. గొర్రె మింగిన మందు ముందుగా రూమెన్‌లోకి చేరుతుంది. అక్కడ అనేక లీటర్ల ద్రవంలో పలచబడి, కోట్లాది సూక్ష్మజీవుల చర్యకు లోనై, మిగిలిన భాగం మాత్రమే అబొమేసానికి చేరుతుంది. కాబట్టి మనిషిలో పనిచేసిన ద్రవ్యం గొర్రెలో పనిచేయాలన్న నియమం లేదు. ఏలిక పాముపై పనిచేసినది హీమోంకస్‌పై పనిచేయాలన్న నియమమూ లేదు.

కాపరుల అనుభవాన్ని నమోదు చేసేటప్పుడు మరొక అంశాన్ని గమనించాలి. ‘మందు వేస్తే పురుగు పడింది’ అని కాపరి చెప్పినప్పుడు ఆయన చూసినది సాధారణంగా బద్దె పురుగు ఖండాలనే. మోనీజియా ఖండాలు అన్నం మెతుకుల్లా పెంటికలపై స్పష్టంగా కనిపిస్తాయి. పెద్ద జీవాలకు దానివల్ల కలిగే హాని స్వల్పం. ప్రాణం తీసే హీమోంకస్ సన్నని దారంలా ఉండి అబొమేసం గోడను అంటిపెట్టుకొని ఉంటుంది; దాని గుడ్లు కంటికి కనిపించవు. ఈ రెండింటినీ ఒకటిగా లెక్కిస్తే, హాని చేయని పురుగుపై సాధించిన విజయాన్ని హానికర పురుగుపై విజయంగా పొరపడే ప్రమాదం ఉంది. ఇది కాపరి జ్ఞానాన్ని చిన్నచూపు చూడటం కాదు. ఏ లక్షణానికి, ఏ భాగాన్ని, ఏ కాలంలో సేకరించి, ఎలా తయారుచేసి, ఎంత వేశారో అడిగి రాసుకున్నప్పుడే ఆ జ్ఞానం పరీక్షకు అందుతుంది.

గాజు పాత్రలో ఫలితం, గొర్రెలో ఫలితం

మొక్కల మందులపై వెలువడే పరిశోధనా పత్రాల్లో అత్యధికం ప్రయోగశాలకు పరిమితమైనవి. మొక్క సారంలో నట్టల గుడ్లను ఉంచి ఎన్ని పొదిగాయో లెక్కించటం, లార్వాల కదలికను గమనించటం, పెద్ద పురుగులు ఎంతసేపట్లో చచ్చాయో చూడటం వీటిలోని పద్ధతులు. ఇవి తొలి వడపోతకు ఉపయోగపడతాయి, సిఫారసుకు సరిపోవు.

ఒక చిన్న లెక్కతో దీనిని గ్రహించవచ్చు. ప్రయోగశాలలో మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము సారం పురుగులను చంపిందనుకుందాం. రూమెన్ ద్రవం నాలుగు లీటర్లు అనుకుంటే, అదే గాఢత రావటానికి 4 గ్రాముల సారం కావాలి. ఎండిన ఆకులో పదో వంతు సారం లభిస్తుందనుకుంటే 40 గ్రాముల ఆకుపొడి అవసరం. రూమెన్‌లో ఏమీ నశించకుండా, ముందుకు సాగిపోకుండా ఉంటేనే ఈ లెక్క వర్తిస్తుంది. వాస్తవంలో ఈ రెండూ జరుగుతాయి.

కీనోపోడియం నూనె దీనికి తగిన ఉదాహరణ. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో మనుషుల కొంకి పురుగులకు దీనిని విరివిగా వాడారు. మేకలపై జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ నూనె ప్రయోగశాలలో గుడ్ల పొదుగుదలను అడ్డుకున్నా, జీవంలోని హీమోంకస్‌ను తగిన మేరకు తగ్గించలేకపోయింది.

గొర్రెల్లో పరీక్షించిన కొన్ని మొక్కలు

మోదుగ: సహజంగా నట్టలు సోకిన గొర్రెలపై పాకిస్తాన్ శాస్త్రవేత్తలు జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, కిలో శరీర బరువుకు 3 గ్రాముల మోదుగ గింజల పొడి ఇచ్చినప్పుడు పదో రోజున గుడ్ల సంఖ్య 78.4 శాతం తగ్గింది. అదే ప్రయోగంలో లెవామిసోల్ 99.1 శాతం తగ్గించింది. మొక్కల మందుల్లో ఇది చెప్పుకోదగిన ఫలితమే. అయితే 25 కిలోల గొర్రెకు ఈ మోతాదు 75 గ్రాములు. వంద గొర్రెల మందకు ఏడున్నర కిలోలు. మోదుగ కాయలో ఒక్కటే గింజ ఉంటుంది. ఇంత గింజను ఏటా సేకరించి, ఆరబెట్టి, పొడి చేయటం సాధ్యమా అన్నది కూడా సిఫారసులో భాగమే.

జిల్లేడు: అదే ప్రాంతంలో తెల్ల జిల్లేడు జాతి అయిన కలోట్రోపిస్ ప్రొసెరా పూలపై జరిపిన అధ్యయనం 2005లో వెలువడింది. కిలో బరువుకు 3 గ్రాముల మోతాదులో నీటి సారం 88.4 శాతం, పూల పొడి 77.8 శాతం గుడ్లను తగ్గించాయి. మిథనాల్ సారం ప్రభావం 20.9 శాతం మాత్రమే. ఒకే పువ్వు, తయారీ విధానాన్ని బట్టి ఇంత భిన్నంగా పనిచేసింది. పైగా జిల్లేడులో గుండెపై పనిచేసే విష గ్లైకోసైడ్లు ఉన్నందున దీనిని క్షేత్రస్థాయిలో సిఫారసు చేయరాదు.

వేప, సీతాఫలం, అనాస: కెన్యాలో పశుపోషకులు నట్టలకు వాడే ఏడు మొక్కలను హీమోంకస్ సోకించిన గొర్రెపిల్లల్లో పరీక్షించిన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. వాటిలో ఈ మూడూ ఉన్నాయి. వాడుకలోని తీరులో ఇచ్చినప్పుడు వీటిలో ఏదీ నట్టల మందుగా సిఫారసు చేయదగినంత ప్రభావం చూపలేదు. వేప చేదు కాబట్టి పురుగును చంపుతుందన్న భావన ఎంత ప్రచారంలో ఉన్నా, గొర్రెల హీమోంకస్ విషయంలో నమ్మదగిన ఆధారం దానికి లేదు.

బొప్పాయి పాలు: ఇందులోని సిస్టీన్ ప్రోటియేజ్ ఎంజైములు పురుగు పైపొరను జీర్ణం చేస్తాయి. రసాయన మందులకు పూర్తిగా భిన్నమైన ఈ క్రియా విధానం కారణంగా నిరోధక పురుగులపై కూడా ఇవి పనిచేసే అవకాశం ఉంది. గొర్రెలపై జరిగిన ప్రయోగాల్లో ప్రోత్సాహకర ఫలితాలు వచ్చాయి. అయితే పాల సేకరణ, నిలువ, ఎంజైము సామర్థ్యంలో ఏకరూపత సాధించటం ఇంకా సమస్యగానే ఉన్నాయి.

78 శాతం తగ్గుదల ఎక్కువే అనిపించవచ్చు. గ్రాము పెంటికలో 2,000 గుడ్లున్న గొర్రెలో అంతటి తగ్గుదల తర్వాత కూడా 430కి పైగా మిగులుతాయి. రసాయన మందు 95 శాతం కంటే తక్కువ తగ్గిస్తే మందలో నిరోధకత ఉన్నట్లు అనుమానిస్తాం. మొక్క మందుకు వేరే కొలబద్ద వాడి ‘సమర్థవంతం’ అని ప్రకటించటం శాస్త్రీయం కాదు.

మందు కంటే మేతగా మేలు: టానిన్లు

మొక్కల పాత్రకు బలమైన ఆధారం సీసాలో పోసే కషాయంలో కాదు, టానిన్లు గల మేతలో లభిస్తోంది. సాంద్ర టానిన్లు రెండు విధాలుగా పనిచేస్తాయి. మొదటిది ప్రత్యక్ష ప్రభావం. మేతతో లోపలికి వచ్చిన లార్వా తన పై తొడుగును విడిస్తేనే స్థిరపడగలదు. టానిన్లు ఆ ప్రక్రియను మందగింపజేస్తాయి. పెద్ద పురుగుల గుడ్ల ఉత్పత్తిని కూడా తగ్గించగలవు. రెండోది పరోక్ష ప్రభావం. టానిన్లు మేతలోని మాంసకృత్తులకు అంటుకొని, అవి రూమెన్‌లో విచ్ఛిన్నం కాకుండా కాపాడి, చిన్న పేగులకు చేరవేస్తాయి. రక్తంతో పాటు ప్రోటీనును కోల్పోతున్న జీవానికి ఇది తట్టుకునే శక్తినిస్తుంది.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో సెరీషియా లెస్పిడీజా, ఐరోపాలో సైన్‌ఫాయిన్ ఈ ఉద్దేశంతోనే మేపుతున్నారు. మన దేశంలో జామ ఆకు వంటి చెట్ల ఆకుల మిశ్రమాన్ని హీమోంకస్ సోకిన గొర్రెలకు దాణాలో కలిపి పరీక్షించారు. మన కాపరులు ఎండాకాలంలో అందించే నల్లతుమ్మ కాయలు, జమ్మి, రేగు ఆకుల్లో కూడా టానిన్లు ఉంటాయి. ఆహారంలో సాంద్ర టానిన్లు 2 నుంచి 4 శాతం వరకు మేలు చేస్తాయి. 5 శాతం దాటితే మేత తినటం, జీర్ణశక్తి తగ్గుతాయి. కాబట్టి ఒకే చెట్టు ఆకుపై ఆధారపడక, ఇతర మేతతో కలిపి ఇవ్వాలి.

చెట్ల మేతలోని మేలంతా రసాయనికమే కాదు. లార్వాలు గడ్డి పరకల అడుగున, నేలకు కొద్ది సెంటీమీటర్ల ఎత్తులోనే అధికంగా ఉంటాయి. కొమ్మ నరికి వేసినప్పుడు గొర్రె ఆ మేరకు కలుషితమైన గడ్డిని కొరకదు. టానిన్ ప్రభావాన్ని విడిగా తేల్చటానికి పరిశోధకులు ఒక సమూహానికి పాలీఇథిలీన్ గ్లైకాల్ కలిపి ఇస్తారు. అది టానిన్లను బంధిస్తుంది. అప్పుడు ప్రభావం మాయమైతే కారణం టానిన్లేనని రుజువవుతుంది. విద్యార్థుల పరిశోధనల్లో ఈ నియంత్రణను తప్పక చేర్చాలి.

భద్రత

సహజమైనది హానిచేయదన్న భావన ప్రమాదకరం. సీతాఫలం గింజలు కంటికి తీవ్ర హాని కలిగిస్తాయి. పోకలోని అరెకోలిన్, పొగాకులోని నికోటిన్ పురుగు నాడీవ్యవస్థతో పాటు గొర్రె నాడీవ్యవస్థపైనా పనిచేస్తాయి. లెవామిసోల్ కూడా పురుగులోని నికోటినిక్ గ్రాహకాలపైనే పనిచేస్తుంది. తేడా ఏమిటంటే, దాని మోతాదు కచ్చితంగా నిర్ణయమైంది. పొగాకు కషాయంలో నికోటిన్ ఎంతో తయారుచేసినవారికే తెలియదు. సుబాబుల్ ఆకులోని మైమోసిన్ వల్ల ఉన్ని రాలుతుంది కాబట్టి దానిని మొత్తం మేతలో 30 శాతానికి మించనీయరాదు. చూడి జీవాలకు పరీక్షించని కషాయాలు ఇవ్వరాదు. చిక్కని పొడి కలిపిన ద్రవాన్ని తల పైకెత్తి బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా వస్తుంది.

మందలో పరీక్షించే విధానం

విశ్వవిద్యాలయ జంతు నైతిక కమిటీ అనుమతి పొందిన తర్వాత, ఏ మొక్క మందునైనా ఈ క్రింది క్రమంలో పరీక్షించవచ్చు.

1. గత రెండు మూడు నెలల్లో నట్టల మందు వేయని, గ్రాము పెంటికలో కనీసం 150 గుడ్లున్న గొర్రెలను ఎంపిక చేయాలి. ఒకే వయసు, ఒకే మేత ఉండాలి.

2. సమూహానికి 10 నుంచి 15 జీవాల చొప్పున మూడు సమూహాలు చేయాలి. ఒకటి మందు లేనిది, రెండోది మొక్క మందు, మూడోది ఆ మందలో పనిచేస్తుందని తేలిన రసాయన మందు. గుడ్ల సంఖ్యను బట్టి జీవాలను మూడింటికీ సమానంగా పంచాలి.

3. ప్రతి జీవాన్నీ తూచి మోతాదు నిర్ణయించాలి. మొక్క శాస్త్రీయ నామం, భాగం, సేకరించిన కాలం, తయారీ విధానం నమోదు చేయాలి.

4. పెంటికలను నేల మీద నుంచి కాక పురీషనాళం నుంచి నేరుగా సేకరించాలి. 2 గ్రాముల పెంటికను 28 మిల్లీలీటర్ల సంతృప్త ఉప్పు ద్రావణంలో కలిపి, మెక్‌మాస్టర్ స్లైడు రెండు గదుల్లోని గుడ్లను లెక్కించి, మొత్తాన్ని 50తో గుణిస్తే గ్రాముకు గుడ్ల సంఖ్య వస్తుంది.

5. మందు వేసిన రోజు, 7, 14, 21వ రోజుల్లో లెక్కించాలి. కొన్ని మొక్కలు పురుగును చంపకుండా గుడ్లు పెట్టటాన్ని మాత్రమే కొద్దిరోజులు ఆపుతాయి. రెండో వారంలో తగ్గి మూడో వారానికి తిరిగి పెరిగితే ఆ అనుమానం బలపడుతుంది.

6. లార్వాలను పెంచి ఏ జాతి తగ్గిందో, ఏది మిగిలిందో గుర్తించాలి.

7. కంటి పొర బాగా పాలిపోయిన, దవడ కింద నీరు దిగిన జీవాన్ని ఏ సమూహానిదైనా వెంటనే ప్రయోగం నుంచి తప్పించి, పనిచేసే మందుతో చికిత్స చేయాలి.

మందు వేసిన సమూహపు సగటును అదే రోజున మందు లేని సమూహపు సగటుతో భాగించి, వచ్చిన దానిని 1 నుంచి తీసివేసి, 100తో గుణిస్తే తగ్గుదల శాతం లభిస్తుంది. మందు లేని సమూహంలో 1,500, మొక్క మందు సమూహంలో 600 ఉంటే తగ్గుదల 60 శాతం. మందు లేని సమూహాన్ని వదిలివేసి, ముందు తర్వాత లెక్కలను మాత్రమే పోల్చటం మన పరిశోధనల్లో తరచుగా కనిపించే లోపం. వానలు వెనకబట్టాక కొత్త సంక్రమణ సహజంగానే తగ్గుతుంది. ఆ తగ్గుదల కూడా మందు ఖాతాలో చేరిపోతుంది.

విస్తరణ సందేశం

దక్షిణాఫ్రికాలో రూపొందిన ఫమాచా పట్టిక కంటి పొర రంగును ఐదు స్థాయిలుగా విభజిస్తుంది. నాలుగు, ఐదు స్థాయిల్లో ఉన్న జీవాలకు చికిత్స తప్పనిసరి. మొదటి రెండు స్థాయిల్లోని ఆరోగ్యవంతమైన జీవాలను మందు లేకుండా వదలవచ్చు. అలా వదిలిన జీవాల్లోని పురుగులు మందు ఒత్తిడికి లోను కావు కాబట్టి మందలో నిరోధకత నెమ్మదిస్తుంది. చెరువు ఆయకట్టు ప్రాంతాల్లో కార్జపు జలగల వల్ల కూడా రక్తహీనత వస్తుంది కనుక, అక్కడ పెంటికల పరీక్షతో నిర్ధారించుకోవాలి.

కాపరులకు అందించవలసిన సలహాను ఇలా క్రోడీకరించవచ్చు. దవడ కింద నీరు దిగిన గొర్రెకు ఏ మొక్క మందుతోనూ కాలయాపన చేయరాదు. పశువైద్యుని సలహాపై, తూచిన మోతాదులో, ఆ మందలో పనిచేసే మందు వేయాలి. వర్షాకాలంలో తెల్లవారుజామున తడి గడ్డిపై మేపటం తగ్గించాలి. టానిన్లు గల చెట్ల మేతను, ముఖ్యంగా పాలిచ్చే తల్లులకు, ఎదిగే పిల్లలకు, ఇతర మేతతో కలిపి అందించాలి. పోషణ బాగున్న జీవం అదే సంఖ్యలో నట్టలను మెరుగ్గా తట్టుకుంటుంది.

ముగింపు

మొక్కల మందులపై పరిశోధన అవసరమే. మోదుగ, బొప్పాయి పాల వంటివి మరింత లోతైన అధ్యయనానికి అర్హమైనవి. అయితే నేటి ఆధారాలను బట్టి వాటి స్థానం రసాయన మందుకు ప్రత్యామ్నాయంగా కాదు. రసాయన మందు వేయవలసిన సందర్భాలను తగ్గించే సమగ్ర యాజమాన్యంలో ఒక భాగంగా. అందులోనూ కషాయం కంటే మేతకే ప్రాధాన్యం. మిగిలి ఉన్న కొద్దిపాటి సమర్థవంతమైన మందులను మరికొంత కాలం కాపాడుకోవటానికి చెట్ల మేత తోడ్పడితే, మొక్కల వల్ల గొర్రెల పెంపకానికి అది తక్కువ మేలు కాదు.